సంత మర్నాడు

మా ఆవిడ రోజారమణి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఎవరు పలకరించినా కసురుతుంది. నేను మొగుణ్ణి కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఊళ్ళో కనపడిన ప్రతివాడితోనూ తగువు పెట్టుకునే తిరుపతిరావు ఇంట్లో ఇలా నోరు మూసుకుని కూర్చుంటాడని ఒడిశాలో మా రాయగడ రైల్వే కాలనీలో చెబితే ఎవరూ నమ్మరు. నేను గూడ్సు బండి గార్డుని. ఇప్పుడు మమ్మల్ని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు గానీ, ఎక్కే పెట్టె అదే, ఊపే జెండా అదే.

రోజా నాకు మేనత్త కూతురు. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గునుపూర్ దగ్గర వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. మా అత్త తవిటమ్మని కకిరిగుమ్మ స్టేషన్లో గ్యాంగ్‌మన్ పని చేసే ఎర్రయ్య మావయ్యకి ఇచ్చారు. వేసవి సెలవులకి అత్త కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేది. ఈ పిల్ల తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ, మధ్యలో తనకే తెలియకుండా ఆ కొండల్లో మాట్లాడే దేశియా భాషలోకి జారిపోయేది. రైల్వే క్వార్టర్ల వెనక కొండపల్లె పిల్లలతో ఆడి పెరిగింది మరి. మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆమె ఏడ్చేది కాదు, నిదానంగా ఆ దేశియాలోనే మమ్మల్ని తిట్టేది. ఏమని తిట్టిందో పెళ్ళయ్యాక ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

మా అత్తకి తారీఖులు ఎక్కేవి కావు. కకిరిగుమ్మలో వారానికోసారి సంత జరుగుతుంది. ఆవిడ బతుకంతా ఆ సంతని పట్టుకునే నడిచింది. సంత ముందురోజు పిండి ఆడించాలి, సంత మర్నాడు పుట్టింటికి బయల్దేరాలి, సంత వెళ్ళిన మూడోనాడు పిల్లకి జ్వరం తగ్గింది, అన్నీ ఇలాగే చెప్పేది. ఆవిడొక్కతే కాదు, ఆ చుట్టుపక్కల కొండపల్లెల్లో అందరి లెక్కా అదే. పిల్లలకి పేర్లు కూడా పుట్టిన వారాన్ని బట్టి పెట్టేస్తారు. బుధవారం పుడితే బుద్రి, గురువారం పుడితే గురుబారి. తారీఖు ఎవడికి కావాలి?

రోజా రాయగడలో డిప్లొమా చదివింది. పెళ్ళయ్యాక, నేను డ్యూటీకి పోయి రెండేసి రోజులు రాకపోతే తోచక, ఇంట్లో కూర్చుని వెబ్ అప్లికేషన్లు తయారుచేయడం నేర్చుకుంది. అంటే కంప్యూటర్లోనూ ఫోన్లోనూ తెరుచుకునే పేజీలు, వాటి వెనక నడిచే వ్యవహారమంతా. నాలుగైదు చిన్న చిన్న పనులు చేసిపెట్టాక ఊళ్ళో ఒక ట్రస్టు ఆసుపత్రి వాళ్ళు పిలిచారు. అక్కడ థలసీమియా పిల్లల్ని చూస్తారు. ఆ పిల్లలకి ఒంట్లో నెత్తురు నిలవదు. నెలకోసారి బయటి నెత్తురు ఎక్కిస్తే మళ్ళీ లేచి ఆడుకుంటారు, ఎక్కించకపోతే వాడిపోతారు. ఏ పిల్లకి ఏ రోజు, ఏ గ్రూపు, ఆ రోజుకి నెత్తురు ఇచ్చేది ఎవరు, ఇదంతా చూసుకునే అప్లికేషన్ కావాలన్నారు. రోజా మూడు నెలలు కూర్చుని చేసింది.

అప్లికేషన్ బాగానే ఉంది గానీ పిల్లలు చెప్పిన రోజుకి రారు. కొండపల్లెల తల్లులు తారీఖు చెబితే బుద్ధిగా తల ఊపి వెళ్ళేవారు. తర్వాత ముందో వెనకో వచ్చేవారు. నెత్తురిచ్చేవాడు వచ్చి చొక్కా చెయ్యి మడిచి కూర్చున్న రోజున పిల్ల రాదు, పిల్ల వచ్చిన రోజున నెత్తురు ఉండదు. ఆసుపత్రి పెద్ద ధనుంజయ డాక్టరు ఒడియా ఆయన, మనసు మంచిదే గానీ నాకంటే ముక్కోపి. ఈ జనానికి ఎన్నిసార్లు చెప్పాలి అని తల పట్టుకునేవాడు.

రోజాకి ఆ మాట తగిలింది. తారీఖు చెబితే తలకెక్కని ఆడది ఆమెకి పరాయిది కాదు, కన్నతల్లి.

అప్పుడు మా ఆవిడ ఒక పని చేసింది. పిల్ల రావాల్సిన తారీఖుని తీసుకుని, దాన్ని సంత మాటగా మార్చే చిన్న ముక్క రాసింది. తారీఖు సంత రోజున పడితే "సంత నాడు," తర్వాత పడితే "సంత మర్నాడు," ఇలాగ. ఆ మాటలు ఫోన్లో తన గొంతుతోనే దేశియాలో వినిపించాలని, ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని రికార్డు చేసింది. ఆ రెండు రోజులూ నాకు ఫ్యాను లేదు, దగ్గడానికి కూడా పెరట్లోకి పొమ్మంది. మా క్వార్టరు పట్టాల పక్కనే కాబట్టి ప్రతి వాక్యానికీ ఏదో ఒక ఇంజను కూత పెట్టేది. నేను రైల్వే వాణ్ణి కాబట్టి ఆ కూతలన్నీ నా వల్లే అన్నట్టు నావైపు కొరకొరా చూసేది.

మొత్తానికి ఫోన్లు వెళ్ళాయి. "అమ్మా, పిల్లని తీసుకుని రా. సంత మర్నాడు రా. కడుపునిండా పెట్టి తీసుకురా." చెప్పింది ఇంతే. ఆ నెల నుంచి తల్లులు రోజు తప్పకుండా రావడం మొదలుపెట్టారు. డాక్టరు మా ఇంటికి స్వయంగా వచ్చి ఛెనాపోడొ మిఠాయి ఇచ్చి వెళ్ళాడు. సగం నేనే తిన్నాను.

ఇక్కడ వీణ గురించి చెప్పాలి. వీణ దామన్‌జోడి టౌన్‌షిప్పులో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. రోజా రాసిన కోడ్ చదివి తప్పొప్పులు చెప్పడం ఆమె పని. ఇద్దరూ అక్కా అమ్మీ అనుకుంటూ ఫోన్లో గంటలకొద్దీ కొట్టుకుంటారు. సంత మాట ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద వాళ్ళు కొట్టుకున్నంత నేను గునుపూర్లో గట్టు తగువుల్లో కూడా చూడలేదు.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. ప్రతి అప్లికేషన్లోనూ అసలు విషయం ఉండే చోటు ఒకటి ఉంటుంది, దాన్ని వాళ్ళు మోడల్ అంటారు. పిల్ల పేరు, గ్రూపు, తారీఖు, అన్నీ అందులోనే. జనం చూసే పేజీ, వినే ఫోను వేరు. మోడల్లో ఉన్నదాన్ని మనిషికి అర్థమయ్యేలా మార్చి చెప్పాలంటే, ఆ మార్చే పని ఎక్కడ పెట్టాలి? రోజా మోడల్లోనే పెట్టేసింది. ఎవరడిగినా తారీఖు తనంతట తనే సంత మాటగా పలుకుతుంది. వీణ ఒప్పుకోలేదు. తారీఖు తారీఖులాగే ఉండాలి, దాన్ని ఎవరికి ఎలా చెప్పాలో చూసుకోవడానికి మధ్యలో వేరే ఒకరు ఉండాలి, అంది. వాళ్ళ భాషలో దానికేదో పేరుంది. రోజా దాన్ని మధ్యమనిషి అనేది.

"తన మాట తను సెప్పుకోడం రాకపోతే అదేటి తారీఖే అమ్మీ," అని రోజా వాదన. "పల్లె పేరు అక్కడే ఉంది, పల్లెకి సంత ఏదో అక్కడే ఉంది. మజ్జిలో ఇంకో మనిషెందుకు?"

నేను బూట్లకి పాలిష్ పెట్టుకుంటూ విన్నాను. ఎవరిది రైటో నాకు తెలియలేదు గానీ నేను మా ఆవిడ వైపే. రోజూ అన్నం పెట్టేది ఆవిడ కదా. వీణ చివరికి, సరే అక్కా నీ ఇష్టం, ఇప్పటికి నడుస్తోంది కదా అని ఊరుకుంది.

నడిచింది. దొయిమతి వచ్చేదాకా.

దొయిమతి కకిరిగుమ్మ పైన ఉన్న ఒక పల్లె మనిషి. కూతురు గురుబారికి ఏడేళ్ళు. ఆ పిల్ల ఆసుపత్రికి వచ్చిందంటే వార్డంతా సందడి. నెత్తురు ఎక్కుతుంటే ఆ సీసా వైపు చూస్తూ ఏదో పాట పాడుకుంటుందట. దొయిమతి రెండు మూడు నెలలు ఫోన్ విని సరిగ్గా రోజుకి తెచ్చింది. ఒక నెల మాత్రం నాలుగు రోజులు ఆలస్యంగా, పిల్లని భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది, కళ్ళు తెరవడం లేదు. ఆ పిల్ల కోసం తెప్పించిన నెత్తురు అప్పటికే ఇంకో పిల్లకి ఇచ్చేశారు. డాక్టరు ఊరంతా ఫోన్లు చేసి, ఆ గ్రూపు మనిషి ఒకణ్ణి పట్టుకుని, సాయంత్రానికి ఎక్కించగలిగాడు. పిల్ల దక్కింది. వారం రోజులు మంచం మీదే ఉంది.

ఆ రోజు రోజా ఏదో పని మీద ఆసుపత్రికి వెళ్ళి ఉంది. నర్సు దొయిమతిని గట్టిగా నిలదీస్తుంటే వార్డు గుమ్మం దగ్గర నిలబడి వింది. ఎందుకింత ఆలస్యం చేశావంటే, సంత మర్నాడు రమ్మన్నారు, సంత మర్నాడే వచ్చాను అని దొయిమతి ఒకటే మాట చెప్పిందట. రెక్కల కష్టం చేసుకునే మనిషి, పని ఉన్నచోటికి పోవాలి కదా. కూతుర్ని తీసుకుని పొట్టంగిలో అక్క దగ్గరికి వెళ్ళి ఉంది. పొట్టంగి సంత వేరు. ఆ సంత జరిగేసరికి కకిరిగుమ్మ సంత వెళ్ళి నాలుగు రోజులైంది. రోజా రాసిన తారీఖు మాత్రం దొయిమతి పల్లె పేరు చూసుకుని కకిరిగుమ్మ సంతనే తల్చుకుని పలికింది. కకిరిగుమ్మ వైపు మనిషికి ఇంకో సంత ఉంటుందని కకిరిగుమ్మలో పుట్టి పెరిగినవాళ్ళకి గుర్తుకు రాదు. రోజాకీ రాలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ రోజా నోరు విప్పలేకపోయింది. నోరు విప్పితే ఆ గొంతేనని దొయిమతి గుర్తుపడుతుందని భయమేసిందట. ఇంటికి వచ్చి నాతో ఆ మాట చెప్పి, అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. నాకు ఆమె మీద ఎంత జాలేసిందో చెప్పలేను. చిన్నప్పుడు అంతమంది చుట్టూ చేరి ఎగతాళి చేస్తే కూడా కళ్ళల్లో నీళ్ళు రానివ్వని మనిషి.

ఆసుపత్రి నుంచి వెళ్ళేటప్పుడు దొయిమతి నర్సుతో, ఇక నాకు ఆ ఫోన్ చెయ్యొద్దు, పిల్ల మొహం చూసుకుని నేనే వస్తాను అని చెప్పి వెళ్ళింది. అది విన్న డాక్టరుకి గుండెల్లో రాయి పడింది. మొహంలో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది, మొన్న జరిగింది అదే. రోజాని పిలిచి, కోపం అణుచుకునే చెప్పాడు. వచ్చేసారి ఆ పిల్ల రోజుకి రాకపోతే ఈ సంత మాటలన్నీ తీసేసి మామూలు తారీఖే పంపిద్దాం, పిల్లల ప్రాణాలతో ప్రయోగాలు చెయ్యలేను అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు కూడా నోరు రాలేదు.

వీణ మంచి పిల్ల. నేను ముందే చెప్పాను కదా అనలేదు. ఆ రాత్రి నుంచే ఇద్దరూ పనిలో పడ్డారు. తారీఖుకి నేర్పిన సంత మాటంతా మోడల్ నుంచి తీసేశారు. అక్కడ ఉత్త తారీఖు మిగిలింది. మధ్యమనిషిని ఒకణ్ణి తయారుచేశారు. డాక్టరు అడిగితే వాడు అంకెల్లో చెబుతాడు, నర్సులకి ఒడియాలో, తల్లులకి సంత మాటలో. బండి వేళ కంట్రోలు ఆఫీసులో ఒకటే ఉంటుంది, దాన్ని రాయగడ మైకులో ఒకలాగ, పార్వతీపురం మైకులో ఒకలాగ చెబుతారు, ఇదీ అంతే కదా అన్నాను. రోజా నావైపు చూసి, ఈ మాట మొన్న సెప్పలేకపోయేవా బావా అంది. మొన్న తట్టలేదు మరి.

కానీ అంతా అయ్యాక కూడా ఆమె మొహంలో వెలుగు లేదు. మధ్యమనిషికి కూడా దొయిమతి ఎక్కడుందో తెలియదు కదా అంది. నెత్తురెక్కించే రోజు దగ్గరపడుతోంది. నాకు రెస్టు దొరికిన రోజున, పద పొట్టంగి పోదాం అన్నాను. ఆమె భయపడింది. వెళ్ళి ఏం చెప్పాలి, ఆవిడ తిడితే ఏం చెయ్యాలి అని. తిడితే పడదాం, ఇద్దరం కలిసి పడితే తక్కువ తగుల్తాయి అన్నాను.

పొట్టంగిలో బస్సు దిగి అడుగుతూ అడుగుతూ పోతే, ఊరి చివర వాళ్ళక్క ఇల్లు దొరికింది. దొయిమతి వాకిట్లో చాప మీద చోళ్ళు, అదే రాగులు, ఎండబోస్తోంది. గురుబారి గోడవార ఎండలో కూర్చుని ఉంది. రోజా దగ్గరికి వెళ్ళి దేశియాలో మాట్లాడటం మొదలుపెట్టింది. రెండు మాటలు కూడా కాలేదు. దొయిమతి చెయ్యి చోళ్ళ మీద ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"నువ్వేనా," అంది.

రోజా అవునంది. అవునని, తప్పు నాదేనని, కకిరిగుమ్మ సంతనే తల్చుకుని చెప్పానని, నీకు ఇంకో సంత ఉంటుందని నాకు తోచలేదని, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాకు దేశియా పూర్తిగా రాదు గానీ మా ఆవిడ గొంతులో వణుకు ఏ భాషలోనైనా తెలుస్తుంది. దొయిమతి చాలాసేపు చోళ్ళు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. నేను వెళ్ళి గురుబారి పక్కన గోడకి ఆనుకున్నాను. ఆ పిల్ల నా చొక్కా బొత్తాం పట్టుకుని తిప్పుతూ ఉంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి.

చివరికి దొయిమతి అంది. దేశియాలో అన్నదాన్ని రోజా తర్వాత నాకు చెప్పింది. "ఆ ఫోన్ వస్తే మా అక్క కూడా వినేది, వదిన కూడా వినేది. మనింటి మనిషే పిలుస్తోంది అనుకునేవాళ్ళం. కానీ నువ్వు నా ఊరికి చెప్పావు. నాకు చెప్పలేదు. నేను ఎక్కడున్నానో ఒక్కసారైనా అడిగావా?"

దొయిమతి మాకు తాగడానికి చోళ్ళ అంబలి ఇచ్చింది. మర్యాదగా ఇచ్చింది గానీ వస్తానని మాత్రం అనలేదు. రోజా నెత్తురెక్కించే రోజు ఎప్పుడో చెప్పబోతే, అప్పటికి నేను ఇక్కడ ఉంటానో లేదో నాకే తెలియదు, ఎక్కడ పని దొరికితే అక్కడికి పోతాను అంది. తిరిగివచ్చే బస్సులో రోజా కిటికీ పక్కన కూర్చుంది. సిమిలిగుడ వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "అడగాల బావా. సెప్పే ముందర అడగాల. మజ్జిమనిషి పని సెప్పడం ఒక్కటే కాదు," అంది.

ఇంటికి వచ్చి ఫోన్‌ని మార్చేసింది. ఇప్పుడు ఫోన్ వెళ్ళగానే తారీఖూ చెప్పదు, సంతా చెప్పదు. ముందు అడుగుతుంది. "అమ్మా, ఇప్పుడు నువ్వు ఏ సంతకి వెళ్తున్నావు?" అవతలివాళ్ళు చెప్పింది రికార్డవుతుంది. అది విని, ఆ సంతని బట్టి రోజు లెక్కకట్టి, ఫలానా సంత మర్నాడు అని పేరుపెట్టి చెబుతూ రెండో ఫోన్ వెళుతుంది. ఇలా ప్రతి జవాబూ ఒక మనిషి కూర్చుని వినాలంటే పని పెరుగుతుంది కదా అని వీణ అడిగింది. పెరగనీ, నేను వింటాను అంది రోజా.

ఫోన్లు వెళ్ళాయి. మొదట్లో జనం బెదిరి పెట్టేశారు. ఫోను ప్రశ్న వేస్తే ఎవరికైనా అనుమానమే కదా. రెండోసారికి కొందరు చెప్పారు. ఒకావిడ సంత పేరుతో పాటు అక్కడ ఉల్లిపాయలు ఎంత పిరమైపోయాయో కూడా చెప్పింది. రోజా చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ నవ్వుకునేది. కానీ దొయిమతి నుంచి మాట లేదు. ఫోన్ ఎత్తేది, ప్రశ్న వినేది, కాసేపు ఊపిరి చప్పుడు, పెట్టేసేది. మూడుసార్లు అంతే. ఎత్తుతోంది కదా అని నేను ధైర్యం చెప్పాను. రోజా ఆ ఊపిరి చప్పుడునే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వినేది. వెనకాల ఏదైనా బస్సు చప్పుడు గానీ, మనుషుల మాటలు గానీ వినిపిస్తే ఎక్కడుందో తెలుస్తుందేమోనని.

ఈలోపు డాక్టరు రెండుసార్లు కబురు పెట్టాడు. గురుబారి గ్రూపు మనిషిని పిలిపించి పెడుతున్నాను, ఆ రోజుకి పిల్ల రాకపోతే ఇక మాటల్లేవు అని. పొట్టంగికి మళ్ళీ వెళ్ళాం. దొయిమతి అక్క ఒక్కతే ఉంది. పత్తి ఏరడానికి ఎవరితోనో పోయిందంది, ఏ ఊరో తనకీ తెలియదట. ఆ రోజు తిరిగివచ్చేటప్పుడు నా మీద నాకే విసుగేసి, టికెట్ చిల్లర విషయంలో కండక్టరుతో తగువు పెట్టుకున్నాను. పాపం ఆయన చేసిన తప్పేమీ లేదు.

తర్వాత రెండు రోజులకి, మధ్యాహ్నం నేను డ్యూటీకి సర్దుకుంటుంటే రోజా గదిలోంచి పిలిచింది. పిలిచిన తీరుకి చేతిలో ఉన్న టిఫిన్ క్యారేజీ వదిలేసి పరిగెత్తాను. హెడ్‌ఫోన్ తీసి నా చెవికి పెట్టింది. దొయిమతి గొంతు. ముందు ఎప్పట్లాగే ఊపిరి చప్పుడు. తర్వాత నెమ్మదిగా మాట. రోజా నా మొహం వైపు చూస్తూ ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది.

"ఇప్పుడు గుడారి సంతకి వెళ్తున్నాను. పత్తి చేలో ఉన్నాం. పిల్ల బాగానే ఉంది గానీ నిన్నటి నుంచి ఆడుకోవడం లేదు. మొన్న నీ గొంతు బొంగురుగా ఉంది. జలుబు చేసిందా? మిరియాలు మరగబెట్టుకుని తాగు."

కొత్త ప్రశ్న రికార్డు చేసిన రోజున రోజాకి నిజంగానే జలుబు. అది నేను కూడా పట్టించుకోలేదు. ఎక్కడో పత్తి చేలో నిలబడి ఆ మనిషి పట్టించుకుంది. రోజా బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆ రోజు డ్యూటీకి పదినిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను.

గుడారి సంత ఏ రోజో కనుక్కుని, ఆ లెక్కన రోజు ఎప్పుడు పడుతుందో చూసి, రోజా అదే గొంతుతో ఫోన్ పంపింది. గుడారి సంత ఇంకా రెండు రోజులుందనగా రా అమ్మా, మొదటి బస్సుకి రా, అని.

ఆ రోజున నేను ఇంట్లో లేను. కోరాపుట్ నుంచి బండితో వస్తూ లైను ఖాళీ లేక దారిలో ఒక స్టేషన్లో ఆగి ఉన్నాను. బండి చివర బ్రేక్ వ్యాన్లో ఒక్కణ్ణే కూర్చుని, ఫోన్ వంక చూడకూడదు అనుకుంటూ చూస్తున్నాను. తొమ్మిదయింది. పదయింది. మొదటి బస్సు ఎప్పుడో వచ్చేసి ఉండాలి. చెయ్యనా వద్దా అనుకుంటుండగా రోజా నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తి హలో అంటే అట్నుంచి మాట లేదు. వార్డు చప్పుళ్ళు వినిపించాయి. వాటి మధ్య ఒక చిన్న గొంతు దేశియాలో ఏదో పాట పాడుతోంది. సన్నగా, మధ్యమధ్యలో ఆగి ఆగి.

"ఎక్కుతుంది బావా," అంది రోజా. "నెత్తురు ఎక్కుతుంది. దాని కోసరమే తెచ్చిన నెత్తురు."

డాక్టరు దొయిమతిని అడిగాడట, ఈసారి రోజు ఎలా తెలిసింది, అంత దూరాన్నుంచి ఇంత సరిగ్గా ఎలా వచ్చావు అని. ఆయన జవాబు కోసం రోజా వైపు చూశాడట గానీ, చెప్పింది దొయిమతే.

"ఏటందో తెలుసా బావా," అంది రోజా. "నన్ను అడిగింది, నాను సెప్పేను, అంది. అంతే. ఇంకేటీ అన్లేదు."

ఇద్దరమూ అలాగే ఫోన్ పట్టుకుని ఆ పాట విన్నాం. నాకు కళ్ళు తుడుచుకోవడానికి జేబులో రుమాలు దొరకలేదు. వినపడుతోందా బావా అని రోజా అడిగితే, వినపడుతోంది, ఇంకాసేపు ఉంచు అన్నాను.